ఆటోమేటిక్ గేరుబాక్సుకు ఇంటి దగ్గర షిఫ్ట్ కిట్ వేయడం: రాయగడ మిత్రుడికి సమాధానం

మీరు రాసిన విషయాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మీ పెట్రోల్ ఎస్‌యూవీ లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో ఐసిన్ తయారీ నాలుగు గేర్ల ఆటోమేటిక్ బాక్సు ఉంది. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లేటప్పుడు, ఘాట్ ఎక్కుతుండగా రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే చోట ఇంజను ఒక్క క్షణం ఊరికే అరిచి, ఆ తరువాత గేరు మెత్తగా, ఆలస్యంగా పడుతోంది. దీనికి విరుగుడుగా ఎవరో చెప్పగా మీరు ఆన్‌లైన్‌లో షిఫ్ట్ కిట్ తెప్పించుకున్నారు. దానిని ఇంటి వాకిట్లో స్వయంగా వేసుకోవచ్చా, వేసుకుంటే ఈ లోపం పోతుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

జాగ్రత్తగా చేస్తే మొదటిది సాధ్యమే. రెండో ప్రశ్నకు మాత్రం, కొలతలు తీయకుండా అవునని చెప్పడానికి నేను సిద్ధంగా లేను. జయపురంలో చాలా ఏళ్లుగా ఈ బాక్సులు విప్పుతున్న అనుభవంతో చెబుతున్నాను, షిఫ్ట్ కిట్ అనేది ఆరోగ్యంగా ఉన్న గేరుబాక్సును చురుకుగా మార్చే సరంజామా. అరిగిన క్లచ్ ప్లేట్లను, గట్టిపడిపోయిన పిస్టన్ రబ్బరు సీళ్లను అది బాగుచేయదు. మీరు వర్ణించిన లక్షణం ఈ అరుగుదల వల్ల రావచ్చు, ఒక పైసా ఖర్చు లేకుండా సరిచేయదగిన కేబుల్ వదులు వల్ల కూడా రావచ్చు. ఆ రెండింటిలో ఏదో తేలేవరకు కిట్ ప్యాకెట్ విప్పవద్దని నా మనవి.

ఈ సమాధానాన్ని మీతోపాటు చదివేవారి కోసం ఒక మాట. క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మన వైపు ఆటోమేటిక్ అనే అంటున్నారు. మారుతి వారు 2014లో సెలెరియోతో తెచ్చిన ఏఎంటీ మామూలు మాన్యువల్ గేరుబాక్సే, దాని క్లచ్‌ను, గేరును మనిషికి బదులు కంప్యూటర్ అదుపులోని యంత్రాంగం కదుపుతుంది. సీవీటీలో గేర్లే ఉండవు, బెల్టు, పుల్లీలు ఉంటాయి. రెండు క్లచ్‌ల డీసీటీ మరో జాతి. షిఫ్ట్ కిట్ అనే మాట వర్తించేది టార్క్ కన్వర్టర్ (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా అందించే భాగం), ప్లానెటరీ గేర్లు (ఒక నడిమి గేరు చుట్టూ అమర్చిన గేర్లు), హైడ్రాలిక్ వాల్వ్ బాడీ (ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వుల దిమ్మె) ఉన్న బాక్సుకే. మీది ఆ జాతిదే, అందులోనూ థ్రాటిల్ కేబుల్ ఉన్న పాత తరానిది కావడం ఇంటి పనికి అనుకూలం.

లోపల జరిగేది తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ గేరుబాక్సు పంపు ఆయిల్‌ను ఒత్తిడితో నెడుతూ ఉంటుంది. ఆ ఒత్తిడినే లైన్ ప్రెషర్ అంటాము. గేరు మారవలసిన వేళ కంప్యూటర్ ఒక సొలెనాయిడ్‌ను, అంటే కరెంటుతో కదిలే చిన్న వాల్వును, ఆడిస్తుంది, షిఫ్ట్ వాల్వు పక్కకు జరుగుతుంది, అప్పుడు ఆయిల్, వాల్వ్ బాడీ మధ్యలో ఉండే సెపరేటర్ ప్లేటు అనే రేకులోని సన్నని రంధ్రం గుండా, ఆ గేరును పట్టే క్లచ్ పిస్టన్ వెనుకకు చేరి ప్లేట్లను బిగిస్తుంది. ఆ దారికి పక్కనే అక్యుములేటర్ అనే స్ప్రింగు పిస్టన్ ఒకటి ఉంటుంది. వచ్చే ఆయిల్‌లో కొంత భాగాన్ని అది తనలోకి తీసుకోవడం వల్ల క్లచ్ మీద ఒత్తిడి ఒక్కసారిగా కాక క్రమంగా పెరుగుతుంది, కారులో కూర్చున్నవారికి కుదుపు తెలియదు. అయితే ఆ మెత్తదనం ఊరికే రాదు. ఒత్తిడి పెరిగే ఆ కొద్దిసేపూ క్లచ్ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారుతూనే ఉంటాయి, జారినంతసేపూ వేడి పుడుతుంది, ప్లేట్ల మీది పూత అరుగుతుంది. కార్ల తయారీదారు సౌఖ్యం కోసం ఈ జారుడును కొంత పొడిగించి ఉంచుతాడు. షిఫ్ట్ కిట్ చేసేదల్లా ఆ సౌఖ్యంలో కొంత వదులుకుని, జారే సమయాన్ని తగ్గించడం.

అందుకు అది మూడు నాలుగు దారులు తొక్కుతుంది. ప్రెషర్ రెగ్యులేటర్ వాల్వుకు మరింత బలమైన స్ప్రింగు వేసి లైన్ ప్రెషర్ పెంచుతుంది, అక్యుములేటర్ స్ప్రింగులను గట్టివాటితో మారుస్తుంది, సెపరేటర్ ప్లేటులో కొన్ని రంధ్రాలను పెద్దవి చేయమంటుంది, కొన్ని చోట్ల చెక్ బాల్స్ అనే చిన్న గుండ్ల స్థానం మార్చమంటుంది లేదా తీసేయమంటుంది. మంచి కిట్‌లలో, కాలక్రమంలో అరిగిపోయే వాల్వులకు బదులు కొత్తవి కూడా ఇస్తారు. నా దృష్టిలో పాత బాక్సుకు కిట్ వల్ల వచ్చే అసలైన మేలు అదే. ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. 1939 చివరలో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ వచ్చిన తరువాత అక్కడ ఆటోమేటిక్‌లు ఇంటింటికీ చేరాయి, వాటిని రేసులకూ బరువులు లాగడానికీ వాడేవారికి ఆ మెత్తని గేర్లు అడ్డుగా తోచాయి. అందుకే చాలా కిట్‌ల సూచనల పత్రాలు ఈనాటికీ అంగుళాలలో, పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) ఉంటాయి. ఈ సంగతి తరువాత రంధ్రాల దగ్గర మనకు అవసరమవుతుంది.

ఇక మీ బండి లోపం. మొదట ఆయిల్ చూడండి. బండిని చదును నేల మీద నిలిపి, పదిహేను ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చిన వేడిలో, ఇంజను ఆడుతుండగా, లీవరును అన్ని స్థానాలలో నెమ్మదిగా తిప్పి పార్కింగ్‌లో ఉంచి డిప్‌స్టిక్ తీయాలి. ఆయిల్ తక్కువైతే పంపు గాలిని పీలుస్తుంది, మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అలాగే మొదలవుతుంది. తెల్లని గుడ్డ మీద ఒక చుక్క వేసి రంగు, వాసన గమనించండి. ఎరుపు కాస్త ముదిరితే ఫరవాలేదు. నల్లబడి మాడు వాసన వస్తుంటే క్లచ్ కాలిందని అర్థం. గులాబీ రంగులో పాలలా కనబడితే రేడియేటర్‌లోని నీరు గేరుబాక్సులోకి చేరుతోందని అర్థం. నీరు క్లచ్ ప్లేట్ల మీది పూతను అతికించిన జిగురును పాడుచేస్తుంది గనుక ఆ బండిని ఇక నడపకూడదు.

రెండోది థ్రాటిల్ కేబుల్, మీ విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ అనుమానించేది దీనినే. మీరు పంపిన ఫోటోలో ఇంజను థ్రాటిల్ నుంచి గేరుబాక్సులోకి దిగుతున్న సన్నని కేబుల్ కనిపిస్తోంది. ఈ తరం ఐసిన్ బాక్సులో గేరు ఎప్పుడు మారాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది గాని, లైన్ ప్రెషర్ ఎంత ఉండాలో ఈ కేబుల్ నిర్ణయిస్తుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ అది లోపలి థ్రాటిల్ వాల్వును లాగి ఒత్తిడి పెంచుతుంది. కేబుల్ వదులైతే ఇంజను పూర్తి బలంతో లాగుతున్నా గేరుబాక్సులో మాత్రం మెల్లగా నడిచే బండికి తగిన ఒత్తిడే ఉంటుంది, అందువల్ల చదును మీద ఏమీ తెలియక ఘాట్ మీదనే క్లచ్ జారుతుంది. మీరు చెప్పినది అచ్చంగా అదే కదా! ఇంజను ఆపి, లోపల ఒకరిని యాక్సిలరేటర్ పూర్తిగా నేలకు తొక్కి పట్టుకోమని, కేబుల్ తొడుగు చివర దగ్గర చూడండి. కేబుల్ మీద నొక్కి బిగించిన చిన్న లోహపు పూస ఆ రబ్బరు తొడుగు అంచుకు 0 నుంచి 1 మి.మీ. దూరంలో ఉండాలి. నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉంటే రెండు నట్లు సడలించి సరిచేయండి, ఆ తరువాత అదే ఘాట్ మరొకసారి ఎక్కి చూడండి. వైరు పోగులు తెగి ఉన్నా, లోపల తుప్పుకు బిగుసుకున్నా కేబుల్ మార్చవలసిందే. కేబుల్ సరిచేయడంతో లోపం తగ్గితే మీకు కిట్ అవసరం లేదు. అదొక మంచి వార్తే.

కేబుల్ సరిగా ఉండి కూడా ఇంజను అరుస్తుంటే, ప్రెషర్ గేజి కావాలి. గేరుబాక్సు పక్కన ఒత్తిడి చూడటానికి ఒక ప్లగ్గు ఉంటుంది. మన దగ్గర లారీ ఎయిర్ బ్రేకుల పనివాళ్ల దగ్గర దొరికే గేజి సాధారణంగా 10 కిలోల వరకే చూపుతుంది, ఇక్కడ బలంగా తొక్కినప్పుడు అంతకు మించి ఒత్తిడి వస్తుంది గనుక 25 కిలోల గేజి తెచ్చుకోండి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే సుమారు 14.2 పీఎస్ఐ. యాక్సిలరేటర్ ముట్టకుండా ఇంజను ఊరికే ఆడుతున్నప్పుడూ, బ్రేకు గట్టిగా పట్టి యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ, డ్రైవ్‌లో, రివర్స్‌లో వచ్చే అంకెలు రాసుకుని మీ మోడల్ మాన్యువల్‌లోని అంకెలతో పోల్చాలి. అలా తొక్కి చూసే పరీక్షలో నాలుగు చక్రాలకూ అడ్డుదిమ్మలు పెట్టాలి, ఎదురుగా మనిషి గానీ గోడ గానీ ఉండకూడదు, ఒకసారికి ఐదు సెకన్లు మించకూడదు, మధ్యలో న్యూట్రల్‌లో ఆడించి ఆయిల్‌ను చల్లబడనివ్వాలి.

అదే పరీక్షలో ఇంజను చేరే వేగాన్ని కూడా చూడండి, ఎందుకంటే మీ బాక్సు నిర్మాణంలో ఒక సౌలభ్యం ఉంది. మూడో గేరును పట్టే క్లచ్చే రివర్స్‌లోనూ పనిచేస్తుంది. ఇంజను వేగం డ్రైవ్‌లో మామూలుగా ఉండి, రివర్స్‌లో ఉండవలసినదానికన్నా పైకి పోతుంటే, లేదా ఉదయం చలిలో రివర్స్ ఆలస్యంగా పడుతుంటే, ఆ క్లచ్ గాని, డ్రైవ్‌లో కాక రివర్స్‌లో పనిచేసే బాక్సు లోపలి బ్రేకు గాని జారుతోందని అర్థం. దానికి తోడు మూడో గేరులోనూ జారుడు ఉంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న క్లచ్ మీదనే వేలు పెట్టవచ్చు. రివర్స్‌లో లైన్ ప్రెషర్ ఎక్కువగా ఉంటుంది గనుక కొద్దిగా అరిగిన క్లచ్ రివర్స్‌లో నిలబడి మూడోలో జారే వీలూ ఉంది. కాబట్టి రివర్స్ బాగుంది అన్న ఒక్క కారణంతో నిశ్చింత పడవద్దు.

ఈ పరీక్షల మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి కారణం. సెమిలిగుడకు చెందిన ఒక కుటుంబం బండికి ఇదే రెండు–మూడు గేర్ల మధ్య లోపం వస్తే, వేరే ఊరిలోని ఒక వర్క్‌షాపు వారు ఏమీ కొలవకుండా కిట్ వేసి పంపారు. ఒత్తిడి పెరగడంతో అరిగిన క్లచ్ కొన్నాళ్లు పట్టుకుంది, గేర్లు చక్కగా పడ్డాయి, అందరూ సంతోషించారు. రెండు నెలల తరువాత వానాకాలంలో, సాలూరు నుంచి పైకి వస్తుండగా సుంకి ఘాట్‌లో మూడో గేరు, రివర్స్ రెండూ ఒకేసారి పోయాయి. ఇద్దరు పిల్లలతో, ఒక ముసలమ్మతో ఆ మలుపులో రాత్రి పది గంటల వరకు వారు నిలిచిపోయారు. బాక్సు నా దగ్గరకు వచ్చేసరికి క్లచ్ ప్లేట్ల పూత పూర్తిగా రాలిపోయి ఉక్కు మీద ఉక్కు రాసుకుంది, ఆ రాపిడి పొడి వాల్వ్ బాడీ అంతటా చేరింది. మొదటే విప్పి ఉంటే ఒక్క క్లచ్ సెట్‌తో, సీళ్లతో పోయే పని, చివరికి పూర్తి ఓవర్‌హాల్ అయింది. ఆ ముసలమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పరీక్షలన్నీ బాగున్నాయనే అనుకుందాము. అప్పుడు కూడా, కిట్ కన్నా ముందు కూలర్ గురించి ఆలోచించమంటాను. రాయగడ నుంచి కోరాపుట్‌కు మీరు ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతున్నారు. ఘాట్ మలుపుల్లో వేగం తగ్గి కన్వర్టర్ లాక్ (వేగంలో కన్వర్టర్ జారకుండా పట్టి ఉంచే బిగింపు) విడిపోయినప్పుడల్లా ఆయిల్ లోపల చిలికినట్టు తిరిగి వేడెక్కుతుంది, మే నెలలో బయటి గాలే నలభై డిగ్రీలు దాటుతుంది. ఆయిల్ ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని ఈ వృత్తిలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక మోటు లెక్క. గేరు మారేటప్పటి జారుడును కిట్ తగ్గిస్తుంది గాని, కన్వర్టర్‌లో పుట్టే ఈ వేడిని తగ్గించలేదు. రేడియేటర్ నుంచి గేరుబాక్సుకు తిరిగి వెళ్లే గొట్టంలో ఒక చిన్న గాలి కూలర్ బిగించడం, ఘాట్ ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) ఆపి కింది గేరులో నిలకడగా నడపడం, ఈ రెండూ మన కొండదారుల్లో ఏ స్ప్రింగు కన్నా ఎక్కువ మేలు చేస్తాయని నా అనుభవం.

ఇక పని మొదలు. నేల సిమెంటుది, చదునుది కావాలి. బండిని నాలుగు స్టాండ్ల మీద నిలపాలి. జాకీ మీద, ఇటుకల మీద నిలిపిన బండి కిందికి దయచేసి దూరవద్దు. రాత్రంతా చల్లారనిచ్చి ఉదయాన మొదలుపెట్టండి, వేడి ఆయిల్ చేతి మీద పడితే బొబ్బలు లేస్తాయి. బ్యాటరీ వైరు తీసి, డ్రెయిన్ బోల్టు విప్పి, దిగిన ఆయిల్‌ను కొలత గీతలున్న సీసాల్లోకి పట్టండి. దీని నుంచి రెండు లీటర్లకు అటూ ఇటూ వస్తుంది, వాల్వ్ బాడీ దించినప్పుడు మరికొంత కారుతుంది, కన్వర్టర్‌లోనిది లోపలే ఉంటుంది. అంతా కలిపి ఎంత దిగిందో రాసుకుంటే, తిరిగి ఎంత పోయాలో ఊహించే పని ఉండదు. ఆ పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి, మీ ఊరి కాలువలు చివరికి నాగావళిలోకే చేరుతాయి. పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి.

ఆయిల్ చాంబర్ (బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) దించగానే అందులోని అయస్కాంతాన్ని చూడండి. దాని మీద బూడిద రంగు మెత్తని పేస్టులాంటి పొర మామూలే. దాని మీద గానీ చాంబర్ అడుగున గానీ వేళ్ల మధ్య గరుకుగా తగిలే రవ్వలు, మెరిసే ఇత్తడి పొడి, నల్లని పెచ్చులు కనిపిస్తే పని అక్కడితో ఆపండి. కిట్‌ను పక్కన పెట్టి బాక్సు దించి విప్పించవలసిన బండి అది. సాలూరు, రాయగడ లారీ మేస్త్రీలు మాన్యువల్ బాక్సును కళ్లు మూసుకుని విప్పి బిగించగల గట్టి పనివాళ్లు, వారి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా దీనిని ఆటోమేటిక్‌లే చేసే మనిషి దగ్గరకే తీసుకెళ్లండి.

అయస్కాంతం శుభ్రంగా ఉంటే ముందుకు వెళ్లండి. ఈ పనిలో సగం నైపుణ్యం శుభ్రతలోనే ఉంది. బల్ల మీద తెల్లని కాగితం పరచి, కింద తుడిచిన నేల ఉంచుకుని, గాలి దుమ్ము రాని గదిలో పనిచేయండి. మెకానిక్ షెడ్లలో వాడే నూలు వేస్టును లోపలి భాగాలకు తగలనివ్వకండి, దాని ఒక్క పోగు చాలు వాల్వు ఇరుక్కుపోవడానికి. పోగులు రాలని గుడ్డ వాడండి. థ్రాటిల్ కేబుల్ కొక్కెం, సొలెనాయిడ్ వైర్లు విడదీసి, ఫిల్టర్ తీశాక వాల్వ్ బాడీ బోల్టులు వస్తాయి. అవి చూడటానికి ఒకలాగే ఉన్నా పొడవులు వేరు. పొట్టి బోల్టు ఉండవలసిన చోట పొడవుది బిగిస్తే కేసింగ్ పగలవచ్చు, పొడవు చోట పొట్టిది వేస్తే అల్యూమినియం మరలు ఊడివస్తాయి. ఒక అట్ట మీద వాల్వ్ బాడీ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే అట్టలో గుచ్చి పెట్టండి. చివరి రెండు బోల్టులు తీసేముందు ఒక చేతిని కింద ఆనించండి. ఈ బాక్సులో అక్యుములేటర్ పిస్టన్లు వాల్వ్ బాడీకి పైన, కేసింగ్‌లోని గుంటల్లో ఉంటాయి, వాల్వ్ బాడీ దిగగానే స్ప్రింగులతో సహా జారి పడతాయి. ఏ గుంటలోది ఏ పిస్టన్, ఏ రంగు స్ప్రింగు అన్నది ఫోటో తీసి, చీటీ రాసి విడివిడి గిన్నెల్లో ఉంచాలి. పిస్టన్ల రబ్బరు రింగులు గట్టిపడి ఉంటే తప్పక మార్చండి. మూడో గేరు అక్యుములేటర్ రింగు ఆయిల్ వదిలేస్తుంటే, మీ లోపానికి అదే కారణమై ఉండవచ్చు కూడా.

వాల్వ్ బాడీ రెండు మూడు ముక్కలుగా విడిపోతుంది, మధ్యలో సెపరేటర్ ప్లేటు ఉంటుంది. పై ముక్కను ఒక్కసారిగా లేపితే చెక్ బాల్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియకుండా దొర్లిపోతాయి. ప్లేటును కింది ముక్కకు అదిమి పట్టుకుని, రెండింటినీ కలిపి తిప్పి, బల్ల మీద ఆనించి విడదీయండి. నేను ఈ వృత్తికి వచ్చిన తొలి రోజుల్లో ఒక గుండును లెక్క తప్పాను. అంతా బిగించి ఆయిల్ పోసి స్టార్ట్ చేశాక రివర్స్ పడలేదు, మరునాడు ఆ గుండు ఆయిల్ పళ్లెం అడుగున దొరికింది. అందువల్ల మొదట ఫోటో, తరువాత లెక్క, ఆ పైన సూచనల పత్రంలోని బొమ్మతో పోలిక, ఇవి మూడూ అయ్యాకే ముందుకు కదలండి. వాల్వులను ఒక్కొక్కటిగా తీసి, కడిగి, గాలితో ఆరబెట్టి, తిరిగి తీసిన చోటనే పెట్టాలి. నిలువుగా పట్టుకుంటే ప్రతి వాల్వూ తన బరువుతోనే తన రంధ్రంలో జారాలి. ఇరుక్కుంటే మళ్లీ కడగండి గాని ఎమరీ పేపరు పెట్టి రుద్దవద్దు.

ఇప్పుడు రంధ్రాలు. ఇంటి పనిలో ఎక్కువ బండ్లు చెడేది ఇక్కడే. రంధ్రం గుండా పోయే ఆయిల్ దాని వ్యాసాన్ని బట్టి కాక వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 2 మి.మీ. రంధ్రాన్ని 2.5 మి.మీ. చేస్తే కంటికి అర మిల్లీమీటరే, వైశాల్యం మాత్రం 56 శాతం పెరుగుతుంది. కిట్ పత్రం 0.093 అంగుళం అంటే అది 2.36 మి.మీ. రాయగడ హార్డ్‌వేర్ షాపులో ఆ బిట్టు దొరక్క 2.5 బిట్టు వాడితే చెప్పినదానికన్నా 12 శాతం ఎక్కువ తెరిచినట్టు, 2.4 బిట్టు తెచ్చుకుంటే తేడా సుమారు మూడు శాతమే. దగ్గరలో దొరికే బిట్టు ఏదైనా పరవాలేదని ఎప్పుడూ అనుకోకండి. సందేహం ఉన్న చోట చిన్న బిట్టే వాడండి, ఎందుకంటే ఎక్కువ తెరిచిన ప్లేటును పారేసి కొత్తది తెప్పించడం తప్ప మార్గం లేదు. ప్లేటు కింద చదునైన చెక్క పెట్టి, డ్రిల్లును నిదానంగా నడిపి, రెండు వైపులా అంచుల గరుకును తీసి, ఇనుప పొడి ఒక్క రవ్వ లేకుండా కడగాలి. పత్రంలో సాధారణ వాడకానికి, బరువులు లాగడానికి, రేసుకు అని వేర్వేరు స్థాయిలు ఇచ్చి ఉంటే మీరు మొదటి స్థాయి దాటవద్దు. కుటుంబంతో ఘాట్ ఎక్కే బండికి, వాన తడి మలుపులో వెనుక చక్రాలను జార్చేంత గట్టి గేరు ప్రమాదం. కుదుపు ఎక్కువైనకొద్దీ ఆ దెబ్బ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింట్ల మీద, ఇంజను మౌంటింగుల మీద పడుతుంది. వాటిలో ఇప్పటికే ఆట ఉంటే ముందు అవి మార్చండి.

తిరిగి బిగించేటప్పుడు గుండ్లను వాటి గుంటల్లో నిలపడానికి వాజిలిన్ వాడండి, అది వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. బేరింగుల గ్రీజు కరగదు, సన్నని రంధ్రాలను మూసేస్తుంది. వాల్వ్ బాడీ బోల్టులకు దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, చాంబర్ బోల్టులకు దాదాపు 7, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఇవి మణికట్టు బలానికి కూడా తక్కువైన అంకెలు. అందువల్ల చిన్న టార్క్ రెంచి అరువు తెచ్చుకునైనా వాడండి, గాలి గన్ను ముట్టుకోవద్దు. మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. కొత్త ఫిల్టర్, కొత్త ప్యాకింగ్ తప్పనిసరి. థ్రాటిల్ కేబుల్ కొక్కెం తగిలించడం చాలామంది మరిచిపోయే పని, చాంబర్ మూసేముందు ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమని చెప్పి లోపలి పిడి కదులుతున్నదో లేదో కళ్లారా చూడండి.

ఏ ఆయిల్ పోయాలన్నది మీ డిప్‌స్టిక్ మీదనే చెక్కి ఉంటుంది. మొదట దిగినంత కొలతకు అర లీటరు తక్కువగా పోసి, స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి పట్టుకుని లీవరును ప్రతి స్థానంలో ఐదారు సెకన్లు ఉంచుతూ రెండుసార్లు తిప్పి, తరువాత కొద్దికొద్దిగా గీత వరకు నింపండి. ఎక్కువైతే ఆయిల్ నురగ కట్టి, తక్కువైనప్పటి లోపాలే వస్తాయి. వాకిట్లోనే రివర్స్, డ్రైవ్ రెండూ పడుతున్నాయని చూసుకున్నాక, మునిగుడ వైపు చదును దారిలో పది కిలోమీటర్లు తేలికగా తొక్కుతూ వెళ్లి రండి. గేరు పడినట్టు కొద్దిగా తెలియాలి గాని మెడ ఊగకూడదు. ఒకటి నుంచి రెండుకు మాత్రమే పెద్ద దెబ్బ వస్తుంటే ఆ అక్యుములేటర్ పిస్టన్ తలకిందులుగా పడిందేమో, స్ప్రింగు తారుమారైందేమో చూడాలి. ఒక గేరు అసలే లేకపోతే గుండు స్థానం తప్పి ఉండవచ్చు. అలాంటప్పుడు నడిపి చూద్దామనుకోకుండా చాంబర్ మళ్లీ విప్పండి. అంతా సవ్యంగా ఉంటే మర్నాడు చల్లని ఇంజనుతో మొదటి గేర్లు గమనించి, నేల మీద మరక చూసి, ఆ తరువాతే ఘాట్ ఎక్కండి. 500 కిలోమీటర్ల తరువాత వేడి మీద మట్టం, రంగు మరొకసారి చూడాలి.

ప్రస్తుతానికి కేబుల్ దగ్గర కొలత, నాలుగు ప్రెషర్ అంకెలు, డ్రైవ్‌లోనూ రివర్స్‌లోనూ వచ్చిన ఇంజను వేగం, మీ బండి మోడల్ సంవత్సరం రాసి పంపండి. కిట్ పత్రంలో రంధ్రాల పట్టిక ఉన్న పేజీ ఫోటో కూడా జతచేస్తే, ఏ రంధ్రాన్ని ముట్టుకోవాలో, దేనిని వదిలేయాలో చూసి చెబుతాను.